ఫ్రేమ్‌లో ఇటుక గోడ కట్టి భూకంపం టెస్ట్ చేయాలి, గోడ ఎలా కట్టించాలి?

సగంస్కేలు
అందరికీ నమస్కారం. ఎంటెక్ స్ట్రక్చర్స్ రెండో ఏడు. ప్రాజెక్టు కోసం ఒక అంతస్తు, ఒక బే (రెండు పిల్లర్ల మధ్య జాగా) ఉన్న కాంక్రీట్ ఫ్రేమ్ సగం స్కేల్లో పోసి, లోపల గోడ కట్టి, పక్కనుంచి యాక్చుయేటర్ అనే యంత్రంతో తోసీ లాగీ చూడాలి. మొత్తం మూడు: ఒకటి గోడ లేని ఉత్త ఫ్రేమ్, ఒకటి ఎర్ర ఇటుక, ఒకటి ఏఏసీ (గాలి బుడగల తేలిక కాంక్రీట్) బ్లాకు. ఫ్రేములు పోసేశాం, 28 రోజులూ దాటిపోయాయి. ఇప్పుడు గోడ దగ్గర ఆగిపోయాను. పేపర్లలో "ఫ్రేమ్‌లో గోడ కట్టాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, ఎలా కట్టారో చాలామంది రాయరు. పై బీమ్ కింద ఆఖరి వరస ఎలా మూయాలి? మాలు ఏ పాళ్ళలో కలపాలి? ప్లాస్టరింగ్ చేయాలా వద్దా? మా గైడు గారిని అడిగితే "మామూలుగా కట్టించు" అన్నారు. ఆ మామూలు ఏంటో తెలియకే టెన్షన్.

మేస్త్రీకొడుకు
తమ్ముడూ, నేను విజయవాడలో సైట్ ఇంజనీర్ని, మా నాన్న మేస్త్రీ. మామూలు అంటే ఏంటో నేను చెప్తా విను. స్లాబ్ పోస్తాం, సెంట్రింగ్ విప్పుతాం, ఆ తర్వాత గోడలు మొదలవుతాయి. కింద నుంచి వరసలు బాగానే వస్తాయి. బీమ్ దగ్గరకొచ్చేసరికి కాస్త జాగా మిగులుతుంది, అందులో పూర్తి ఇటుక పట్టదు. పుస్తకం ప్రకారం అయితే కింది మాలు కుదురుకునే దాకా కొన్ని రోజులు ఆగి, అప్పుడు ఇటుక ముక్కలూ మాలూ కలిపి గట్టిగా కూరాలి. సైట్లో ఎవరాగుతారు? అదే రోజు సాయంత్రం నిచ్చెన మీద నిలబడి, చేయి తలపైకెత్తి, ముక్కలు ఇరికించి, ముందువైపు తాపీతో నున్నగా రాసేస్తారు. వెనకవైపు చూస్తే సగం బోలు. నెల తిరిగేసరికి మాలు కుంచించుకుని బీమ్‌కీ గోడకీ మధ్య సన్న గీత పడుతుంది. ఆ గీత కనబడకుండా చికెన్ మెష్ కొట్టి ప్లాస్టరింగ్ చేస్తాం. ఇదే మామూలు.

మాలు అయితే తొమ్మిదంగుళాల గోడకి ఒకటికి ఆరు అని డ్రాయింగ్‌లో ఉంటుంది, తట్టలతో కొలిచేటప్పుడు అది ఎంతవుతుందో దేవుడికెరుక. నాలుగున్నర అంగుళాల గోడకి ఒకటికి నాలుగు.

పాతల్యాబు
పై పోస్టు ప్రింటు తీసి మీ గైడు గారి బల్ల మీద పెట్టండి బాబూ. నేను నవ్వులాటకి అనడం లేదు.

నేను స్ట్రక్చర్స్ ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒకసారి మా దగ్గర ఇలాగే ఒక ఫ్రేమ్‌లో గోడ కట్టించాం. ల్యాబు పని కదా అని మేస్త్రీ కూడా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు, వెనక ముగ్గురు ప్రొఫెసర్లు నిలబడి చూస్తున్నారు, ఇక ఆ మనిషి ప్రతి ఇటుకా తొట్టిలో నానబెట్టి, ప్రతి సందూ స్కేలు పెట్టి కొలిచి, పై వరసని రిచ్ మాలుతో రెండు వైపుల నుంచీ పొడిచి పొడిచి నింపాడు. పది రోజులు గోనెపట్టాలు కప్పి నీళ్ళు పట్టాం. అంత చక్కని గోడని నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. టెస్ట్ రోజున గోడకి సన్న పగుళ్ళు తప్ప ఏమీ కాలేదు, పిల్లర్ మాత్రం పైన బీమ్ కింద జానెడు దూరంలో ఏటవాలుగా తెగింది. అందరూ పిల్లర్ డిజైన్ తప్పు అన్నారు. అసలు సంగతేంటంటే గోడ మరీ బాగా వచ్చింది. తన వాటా కంటే ఎక్కువ బలం తనలోకి లాక్కుని, ఆ బలాన్ని తీసుకెళ్ళి పిల్లర్ పైకొన దగ్గర గుచ్చింది.

కాబట్టి మీరు కొలవబోయేది ఏ గోడని అన్నది ముందు తేల్చుకోవాలి. ల్యాబులో పుట్టిన గోడనా, మన ఊళ్ళో ఇళ్ళలో నిలబడి ఉన్న గోడనా?

ఫ్లాట్403
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, నేను ఇంజనీర్ని కాదు. హైదరాబాద్‌లో కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు ఉన్న అపార్ట్‌మెంట్ మాది. 2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు వైపు 5.3 భూకంపం వచ్చినప్పుడు స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను, గిన్నె దానంతటది తొణికింది, ఫ్యాన్ ఊగింది, అందరం మెట్ల మీద పరుగు. ఆ రోజు నుంచి గోడల్లో కనబడే ప్రతి గీతా నన్ను భయపెడుతోంది. మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "గోడలకి ఏమైనా ఫర్వాలేదు, బరువు మోసేది పిల్లర్లే" అంటాడు. మీరేమో గోడ బలంగా ఉంటే పిల్లర్ తెగుతుందంటున్నారు. ఏది నమ్మాలి?

పాతల్యాబు
మీ అసోసియేషన్ ఆయన చెప్పింది మామూలు రోజులకి నిజం. పైనుంచి కిందకి దిగే బరువు వరకు ఫ్రేమ్‌లో గోడ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. భూకంపం బరువుని పక్కకి తోస్తుంది, అప్పుడు లెక్క మారిపోతుంది. ఒక ఖాళీ ఫొటో ఫ్రేమ్ తీసుకుని పై మూల నొక్కండి, ఏటవాలుగా వంగుతుంది. అందులో గట్టి అట్ట బిగించి నొక్కండి, వంగదు. అట్ట ఒక మూల నుంచి ఎదురు మూలకి దూలంలా నిలబడిపోతుంది. ఇటుక గోడ అదే పని చేస్తుంది. తోసినవైపు పై మూలలోనూ దాని ఎదురుగా కింది మూలలోనూ గోడ పిల్లర్‌ని గట్టిగా నొక్కుతుంది, మిగతా రెండు మూలల్లో పిల్లర్ నుంచి విడిపోతుంది. ఊపు అటు తిరిగితే ఈ దూలం కూడా అటు తిరుగుతుంది.

గోడలు అన్ని అంతస్తుల్లోనూ సమానంగా ఉంటే ఇది చాలావరకు మేలే. మీ బిల్డింగ్‌లో పైన ఐదంతస్తులకీ గోడలున్నాయి, కింద లేవు. పైభాగమంతా ఒక పెట్టెలా బిగుసుకుని కదులుతుంది, ఆ కదలిక మొత్తం పార్కింగ్ పిల్లర్ల నెత్తిన పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి, వాటిలో చాలావాటికి కింద ఇలాంటి పార్కింగే. కొన్నింటిలో పై అంతస్తుల గోడలు పెద్దగా చెదరకుండానే బిల్డింగ్ ఒక అంతస్తు కిందకి కూర్చుంది.

అలాగని రేపే ఇల్లు ఖాళీ చేయమని కాదు. హైదరాబాద్ 2016 భూకంప కోడ్ ప్రకారం జోన్ 2లో ఉంది, తీవ్రత తక్కువ. డ్రాయింగ్స్ తీసుకుని ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి, పార్కింగ్ పిల్లర్ల సైజులూ, వాటి కడ్డీల చుట్టూ వేసిన రింగుల దూరమూ అడగండి. ప్లాస్టర్ మీద పడిన ప్రతి గీతా భూకంపం గీత కాదు. బీమ్ అంచు వెంబడి తిన్నగా పోయే గీత అయితే మన మేస్త్రీకొడుకు చెప్పిన పై వరసే, కంగారుపడకండి.

లెక్కలమాస్టారు
కోడ్ సంగతి వచ్చింది కాబట్టి. మన భూకంప కోడ్ ఐఎస్ 1893 ఒకటో భాగం 2002లో, కింద అంతస్తు ఖాళీగా ఉంటే అక్కడి పిల్లర్లనీ బీముల్నీ రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయొచ్చన్నారు. 2016లో దాన్ని మార్చి కాంక్రీట్ గోడలో బ్రేసింగో (ఏటవాలు ఊతాలో) పెట్టమన్నారు. గోడని దూలంలా లెక్కలోకి తీసుకునే ఫార్ములా కూడా 2016లోనే వచ్చింది. అంతకు ముందు చాలా ఆఫీసుల్లో గోడ అంటే బీమ్ మీద బరువు, అంతే.

ఒక చిన్న లెక్క. బిల్డింగ్ ఎత్తు 15 మీటర్లు, ఊగే దిశలో పొడవు 12 మీటర్లు అనుకుందాం. గోడలు లేని ఫ్రేమ్ ఫార్ములాతో ఒక ఊపుకి పట్టే కాలం 0.57 సెకన్లు, గోడలున్న ఫార్ములాతో 0.39. విజయవాడలాంటి చోట మధ్యరకం నేల అనుకుంటే ఈ తేడా వల్ల బలం పెద్దగా మారదు, ఎందుకంటే 0.55 దాకా గ్రాఫ్ చదునుగానే ఉంటుంది. హైదరాబాద్ రాతి నేల మీద చూడండి, బలం లెక్కకట్టే గుణకం 1.75 నుంచి 2.5కి లేస్తుంది, అంటే నలభై శాతానికి పైగా ఎక్కువ. గోడల బరువుని లెక్కలో వేసుకుని వాటి బిగువుని వదిలేస్తే ఈ నలభై శాతం ఎవరి ఖాతాలోకి పోయినట్టు?

ఇక దూలం వెడల్పు. పిల్లర్ 300 x 300 మిల్లీమీటర్లు, ఎం25 కాంక్రీట్, గోడ ఎత్తు 2.7 మీటర్లు, పొడవు 3.7, మందం 230 మిల్లీమీటర్లు. ఇటుకా మాలూ రెండిటి బలం 5 ఎంపీఏ వేసుకుంటే గోడ బలం సుమారు 2.2 ఎంపీఏ, దాని బిగువు చెప్పే 'ఈ' విలువ అందుకు 550 రెట్లు, అంటే దాదాపు 1190. కోడ్ ఫార్ములాలో పెడితే దూలం వెడల్పు 520 మిల్లీమీటర్లు వస్తుంది. ఇదే గోడకి 1961లో హోమ్స్ చెప్పిన లెక్క ప్రకారం కర్ణంలో మూడో వంతు, అంటే మీటరున్నర. ఒకే గోడకి రెండు లెక్కల మధ్య మూడు రెట్ల తేడా! టెస్టులు ఎందుకు చేస్తారో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

బేఏరియాబుజ్జి
మాస్టారూ నమస్కారం, లెక్క కరెక్టే కానీ ఒక మెలిక ఉంది. అదే క్లాజులో గోడ ఎత్తుని మందంతో భాగిస్తే 12 కంటే తక్కువ రావాలి, పొడవుని భాగించినా 12 కంటే తక్కువే రావాలి అని షరతు. మీ గోడ పొడవు 3700, మందం 230, భాగిస్తే 16. మీరు తీసుకున్న ఉదాహరణకే ఫార్ములా వర్తించదు :) ఇక నాలుగున్నర అంగుళాల గోడ సంగతి అడగక్కర్లేదు, ఎత్తుతోనే 23 దాటేస్తుంది.

లెక్కలమాస్టారు
దొరికిపోయాను. నిజమే. అంటే మన ఇళ్ళలో ఉండే గోడల్లో చాలావాటికి ఆ క్లాజు పనికిరాదు, అయినా సాఫ్ట్‌వేర్‌లో అందరం అదే వాడుతున్నాం. ఇంకో చిత్రం, గోడలో కిటికీ ఉన్నా దూలం వెడల్పు తగ్గించక్కర్లేదని కూడా అందులోనే ఉంది. హాల్లో బాల్కనీ తలుపు గోడలో సగం తినేస్తుంది, దానికి కూడా అదే వెడల్పా? నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

బేఏరియాబుజ్జి
నేను కాలిఫోర్నియాలో పాత బిల్డింగులు బలపరిచే పనిలో ఉన్నాను, మా ఊరు గుంటూరు జిల్లా. ఇక్కడ 1920ల నాటి కాంక్రీట్ ఫ్రేములు, మధ్యలో ఇటుక గోడలు ఉన్నవి ఇంకా చాలా ఉన్నాయి. అలాంటి డిజైన్‌నే తీసుకుని శాన్ డియేగోలో మూడంతస్తుల నమూనా, మూడింట రెండొంతుల స్కేల్లో, ఆరుబయట ఉన్న పెద్ద షేక్ టేబుల్ (భూకంపంలా ఊపే వేదిక) మీద ఊపారు. నష్టం కింది అంతస్తులోనే పోగుపడింది. గోడ పగులూ పిల్లర్ పగులూ కలిసి ఒకే ఏటవాలు గీతగా మారడం ఇలాంటి వాటిలో చూస్తాం, గోడలో మొదలైన గీత ఆగకుండా పిల్లర్‌లోకి దూరిపోతుంది.

అంతకు ముందు 1990లలో కొలరాడోలో మెహ్రాబీ, షింగ్ వాళ్ళు సగం స్కేలు ఫ్రేములు డజను టెస్ట్ చేశారు, 1996లో పేపర్ వచ్చింది. సగంస్కేలు గారూ, మీ సెటప్‌కి అదే అన్నిటికంటే దగ్గర, అది తప్పకుండా చదవండి. బలహీన ఫ్రేమ్, బలమైన ఫ్రేమ్, బోలు బ్లాకులు, నిండు బ్లాకులు, ఇలా జతలు మార్చి చూశారు. బలహీన ఫ్రేమ్‌లో నిండు బ్లాకుల గోడ పెడితే పిల్లర్ షియర్‌లో పోయింది, అంటే ఏటవాలుగా తెగింది. పాతల్యాబు గారు చూసింది అదే.

సగంస్కేలు
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. అర్థమైనంత వరకు: మేస్త్రీని సైట్ నుంచే తెచ్చుకోవాలి, వెనక నిలబడి భయపెట్టకూడదు. ఇప్పుడు వేరే చిక్కు. సగం స్కేలు కదా, మరి ఇటుకని కూడా సగం చేయాలా? తొమ్మిదంగుళాల గోడకి సగం అంటే నాలుగున్నర. మామూలు ఇటుకనే ఒంటి వరస పేర్చితే నాలుగున్నర వచ్చేస్తుంది కదా, అది చాలదా?

పాతల్యాబు
మందం సరిపోతుంది, సందులు సరిపోవు. గోడ పగిలేది ఎక్కువగా సందుల వెంబడే. మీ పద్ధతిలో కడితే వరసల సంఖ్య సగానికి పడిపోతుంది, జారడానికి ఉండే దారులూ సగమే. రెండు మార్గాలు. ఒకటి, బట్టీవాళ్ళకి చెప్పి చిన్న అచ్చుతో ఇటుకలు పోయించడం, నాలుగు వేలో ఐదు వేలో అంటే కొందరు ఒప్పుకుంటారు, కానీ చిన్న ఇటుక బట్టీలో ఎక్కువ కాలి మామూలు ఇటుక కంటే గట్టిగా వస్తుంది, అది గుర్తుపెట్టుకోండి. రెండోది, మామూలు ఇటుకని రంపంతో కోయడం. దుమ్ము భరించలేం, విరిగిపోయేవి చాలా ఉంటాయి, కానీ మట్టి అదే మట్టి. సందు పది మిల్లీమీటర్లకి బదులు ఐదు పెట్టాలి, దానికి ఇసుకని సన్న జల్లెడ పట్టాలి. ఏఏసీతో ఈ గొడవ లేదు, చేతిరంపంతో కోసేయొచ్చు, కాకపోతే అక్కడ మాలు కాదు, మూడు మిల్లీమీటర్ల జిగురు, దాన్ని సగం ఎలా చేస్తారో మీ ఇష్టం.

ఇవి మర్చిపోవద్దు, నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవి. గోడ కట్టే రోజునే అదే ఇటుక, అదే మాలు, అదే మేస్త్రీ చేత ఐదు ఇటుకల ఎత్తు ప్రిజమ్‌లు (ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన నమూనా దిమ్మెలు) కట్టించి పక్కన పెట్టండి, వాటిని 28వ రోజున కాదు, ఫ్రేమ్ టెస్ట్ చేసే రోజున నలపండి. పిల్లర్ల మీద జాక్‌లు పెట్టి పై అంతస్తుల బరువు ఇవ్వండి, ఇవ్వకపోతే తోసినవైపు పిల్లర్ లేచిపోతుంది, మీ ఫలితం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కింది ఫుటింగ్ బీమ్‌ని స్ట్రాంగ్ ఫ్లోర్‌కి (ల్యాబులో ఉండే మందపాటి గట్టి నేలకి) బిగించాక కూడా అది జారుతుంది, దానికి ఒక డయల్ గేజ్ (చిన్న కదలికలు కొలిచే సాధనం) పెట్టండి. పైన కొలిచిన కదలికలోంచి దీన్ని తీసేయకపోతే ఫ్రేమ్ అసలు ఉన్నదానికంటే మెత్తగా కనిపిస్తుంది. మేము ఒకసారి మర్చిపోయి మూడు నెలల డేటాని చెత్తబుట్టలో వేశాం.

గోడకి ప్లాస్టరింగ్ చేయకుండా పల్చగా సున్నం వేయండి. తెల్లటి సున్నం మీద వెంట్రుక మందం పగులు కూడా కనబడుతుంది. పెన్సిల్‌తో గళ్ళు గీసుకోండి. తోసినప్పుడు పడ్డ పగులుకి ఎరుపు మార్కర్, లాగినప్పుడు పడ్డదానికి నీలం, పక్కన ఎన్నో సైకిలో (ఎన్నోసారి తోసి లాగడమో) రాయండి. సాయంత్రానికి గోడ మీద ముగ్గు వేసినట్టు ఉంటుంది, ఆ ఒక్క ఫొటో మీ థీసిస్‌లో ఇరవై పేజీల పని చేస్తుంది.

మేస్త్రీకొడుకు
సున్నం సంగతి బాగుంది గురువుగారూ. మా సైట్లో స్లాబ్ కింద లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి కూడా ఇదే చేస్తాం.

ఒక డౌటు. షేక్ టేబుల్ మీద ఊపకుండా ఇలా మెల్లగా తోసి లాగితే అది భూకంపం ఎలా అవుతుంది? మా నాన్నకి చెప్తే నవ్వాడు, "భూకంపం అరగంటకోసారి తోస్తుందా?" అని.

బేఏరియాబుజ్జి
నాన్నగారి ప్రశ్న సరైనదే. మెల్లగా తోసే టెస్టులో భూకంపం ఉండదు, భూకంపం వల్ల బిల్డింగ్ పడే కదలిక మాత్రమే ఉంటుంది. ముందు చిన్న కదలిక రెండు మూడు సార్లు అటూ ఇటూ, తర్వాత కొంచెం పెద్దది, అలా పెంచుకుంటూ పోతారు. 2.7 మీటర్ల గోడకి 0.1 శాతం డ్రిఫ్ట్ (ఎత్తులో ఎన్నో వంతు పక్కకి జరిగిందన్న లెక్క) అంటే మూడు మిల్లీమీటర్ల లోపే. గోడ అంచులు ఫ్రేమ్ నుంచి విడిపోవడం అంత చిన్న కదలికకే మొదలవుతుంది, అదే వేగంగా ఊపితే కంటికి దొరకదు. మెల్లగా చేస్తే ఆగి చూడొచ్చు, టార్చి వేసి చూడొచ్చు, ఎరుపు నీలం గీతలు గీయొచ్చు.

షేక్ టేబుల్‌కి వేరే తలనొప్పి ఉంది. సగం స్కేలు నమూనా సొంత బరువు ఎనిమిదో వంతే, కానీ కింద అదే ఒత్తిడి రావాలంటే నాలుగో వంతు బరువు కావాలి. మిగతాది సీసం దిమ్మెలో కాంక్రీట్ దిమ్మెలో పెట్టి నింపాలి. భూకంపం రికార్డు కాలాన్ని కూడా 0.7 రెట్లకి కుదించాలి. పూర్తి సైజు బిల్డింగునే ఊపాలంటే జపాన్‌లో ఈ-డిఫెన్స్ లాంటిది కావాలి, 20 మీటర్ల పొడవు 15 మీటర్ల వెడల్పు ఉన్న టేబుల్, 1200 టన్నులు మోస్తుంది. బెంగళూరు సీపీఆర్ఐలో మూడు మీటర్ల చదరపు టేబుల్, పది టన్నులు. ఎంటెక్ ప్రాజెక్టుకి ఇవేవీ దొరకవు లెండి.

ఈ రెండింటికీ మధ్య రకం ఒకటుంది. ఇటలీలో ఇస్ప్రా దగ్గర ల్యాబులో పూర్తి సైజు నాలుగంతస్తుల ఫ్రేమ్‌ని ఒక పెద్ద రియాక్షన్ వాల్ (యాక్చుయేటర్లు ఆనుకునే కదలని గోడ) పక్కన కట్టి, కంప్యూటర్ భూకంపాన్ని లెక్కకట్టి "ఈ క్షణంలో రెండో అంతస్తు ఇంత కదలాలి" అని చెప్తుంటే యాక్చుయేటర్లు ఆ మేరకు తోస్తాయి. కొన్ని సెకన్ల భూకంపాన్ని గంటల తరబడి ఆడిస్తారన్నమాట. అక్కడ మొదట గోడల్లేకుండా, తర్వాత అన్ని అంతస్తుల్లో గోడలతో, ఆ తర్వాత కింది అంతస్తులో గోడలు తీసేసి, మూడు సార్లు చేశారు. ఫ్లాట్403 గారూ, ఆ మూడోది మీ పార్కింగే.

ఫ్లాట్403
మూడోసారి ఏమైంది?

బేఏరియాబుజ్జి
నష్టమంతా కింది అంతస్తులో చేరింది. కూలలేదు. అది అప్పటి కొత్త యూరప్ కోడ్ ప్రకారం, పిల్లర్లలో రింగులు దగ్గర దగ్గరగా వేసి కట్టిన ఫ్రేమ్ కాబట్టి. అహ్మదాబాద్‌లో కూలిన చాలావాటిలో రింగులు అలా లేవు.

మేస్త్రీకొడుకు
రింగుల మాట ఎత్తారు కాబట్టి నా బాధ కూడా చెప్పుకుంటా. రింగు కొనని 135 డిగ్రీలు లోపలికి వంచాలి, అది ఐఎస్ 13920 కోడ్ (భూకంపానికి తట్టుకునేలా కడ్డీలు ఎలా కట్టాలో చెప్పేది). మా బార్‌బెండర్ 90కే వదిలేస్తాడు. అడిగితే "లోపలికి వంచితే వైబ్రేటర్ నీడిల్ దిగదు సార్" అంటాడు, ఒక్కోసారి అది నిజం కూడా. మీ గోడ వెళ్ళి పిల్లర్ పైకొనని గుచ్చేది సరిగ్గా ఈ రింగుల దగ్గరే కదా.

ఇంకొకటి, పూర్తి గోడ గురించే మాట్లాడుతున్నారు, అరగోడ సంగతేంటి? స్కూళ్ళు చూడండి, వరండా వైపు మనిషెత్తు గోడ కట్టి పైన అంతా కిటికీలే. పిల్లర్ పది అడుగులు ఉంటుంది, కానీ కింది ఆరడుగులూ గోడ పట్టేసుకుంటుంది, వంగడానికి మిగిలేది పైన నాలుగడుగులే. మెట్ల దగ్గర మధ్య ల్యాండింగ్ బీమ్ పిల్లర్‌కి తగిలే చోట కూడా ఇదే కథ.

పాతల్యాబు
పొట్టి పిల్లర్. మంచి పాయింట్. పొట్టిదే ముందు పోతుంది, ఎందుకంటే అదే బిగువుగా ఉంటుంది, బలమంతా దాని దగ్గరకే వస్తుంది. సగంస్కేలు గారూ, డబ్బూ ఫ్రేమూ ఇంకొకటి మిగిలితే నాలుగోది అరగోడతో చేయండి. ఏఏసీ మానేసినా ఫర్వాలేదంటాను నేను.

లెక్కలమాస్టారు
ఏఏసీ మానేయొద్దండీ, ఈ మధ్య కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కువగా దాంతోనే కడుతున్నారు. ఇటుక గోడ ఘనపు మీటరుకి దాదాపు రెండు టన్నులు, ఏఏసీ 600 కిలోలు. బరువు తగ్గితే భూకంపం బలం తగ్గుతుంది, అందరూ చెప్పే లాభం అదే. బ్లాకు మెత్తన కాబట్టి పిల్లర్ తెగేలోపు గోడ మూలే నలగొచ్చు, అది ఒక రకంగా మంచిదే. నాకు భయం వేరే, అంత తేలిక గోడ పక్కకి పడిపోతుందేమోనని.

బేఏరియాబుజ్జి
పక్కకి పడడం గురించి అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1990లలో ఏంజెల్, ఏబ్రమ్స్ వాళ్ళు చేసిన పని ఉంది. ముందు గోడని దాని పొడవు దిశలోనే తోసి పగలగొట్టారు, తర్వాత గోడ వెనక ఎయిర్‌బ్యాగ్ పెట్టి గాలి నింపి ముందుకు తోశారు. సన్న గోడల్లో ముందు పడిన పగుళ్ళ వల్ల ఈ పక్క బలం సగం దాకా పడిపోయింది. మందపాటి గోడల్లో అంత తేడా రాలేదు, నాలుగు వైపులా ఫ్రేమ్ బిగించి పట్టుకుంటే గోడ లోపల కమానులా నిలబడుతుంది. ఇక్కడ మళ్ళీ పై వరసకే వస్తాం. పైన బోలుగా ఉంటే కమాను ఆనడానికి చోటేదీ?

పాతల్యాబు
అక్కడే ఉంది తిరకాసు. పైన బిగిస్తే పిల్లర్‌ని గుచ్చుతుంది, వదిలేస్తే మనుషుల మీద పడుతుంది. కొందరు గోడకీ పిల్లర్‌కీ మధ్య కావాలనే సందు వదిలి, స్పాంజి లాంటిది నింపి, పైన పట్టీలతో గోడ పక్కకి పడకుండా పట్టుకుంటారు. ఇంకో దారిలో గోడే ముందు కట్టి, ఇటుకల్ని పళ్ళు పళ్ళుగా వదిలి, ఆ పళ్ళ మధ్య పిల్లర్ పోస్తారు, గాంధీనగర్ ఐఐటీ క్యాంపస్‌లో హాస్టళ్ళూ క్వార్టర్సూ అలా కట్టారు. అప్పుడు గోడ అతిథి కాదు, ఇంటి మనిషే. కానీ మన ఊళ్ళో ముందు పిల్లర్లు లేవకపోతే బ్యాంకువాళ్ళే నమ్మరు.

సగంస్కేలు
చాలా రోజులకి వచ్చాను, సారీ. ఎర్ర ఇటుక గోడ కట్టేశాం. పక్క సైట్ నుంచి ఒక మేస్త్రీ గారిని పిలిచాం. కోసిన ఇటుక ముక్కలు చూసి "ఇవి బొమ్మరిల్లుకా బాబూ" అన్నారు. పై వరస ఎలా వేస్తారో చూద్దామని నేను కాఫీకి వెళ్ళినట్టు వెళ్ళి అరగంటకి వచ్చాను. మేస్త్రీకొడుకు అన్న రాసినట్టే జరిగింది, ముందు నున్నగా, వెనక టార్చి వేస్తే అవతలి వెలుగు కనబడుతోంది. గైడు గారు చూసి మొదట కోప్పడ్డారు, ఇది విప్పించి మళ్ళీ కట్టించమన్నారు. పాతల్యాబు గారి పోస్టు చూపించాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సరే, దీన్ని ఇలాగే ఉంచు, ఆ ఖాళీలు ఫొటోలు తీసి ఎంత పొడవున్నాయో కొలిచి రాసుకో, రెండో ఇటుక ఫ్రేమ్ బాగా కూరి కట్టించు" అన్నారు. అంటే ఏఏసీ పోయి ఆ ఫ్రేమ్‌లో మళ్ళీ ఎర్ర ఇటుకే. లెక్కలమాస్టారు గారు తిట్టుకోవద్దు.

లెక్కలమాస్టారు
తిట్టను, మీ పోలికే బాగుంది. ప్రిజమ్‌లు కట్టించారా?

సగంస్కేలు
ఆరు. ఒకటి మోసుకెళ్తూ మా జూనియర్ కింద పడేశాడు, ఐదు.

నిన్న మొదటి గోడ టెస్ట్ చేశాం. అంకెలు గైడు గారు చూశాకే పెడతాను, కళ్ళతో చూసింది మాత్రం చెప్తా. మొదటి చిన్న సైకిళ్ళలో గ్రాఫ్ ఉత్త ఫ్రేమ్ గ్రాఫ్‌లాగే పోయింది, గోడ ఉందా లేదా అనిపించింది. కాసేపటికి పైన ఖాళీ మూసుకున్నట్టుంది, ఒక్కసారి గీత నిటారుగా లేచింది. తర్వాత టప్ మని ఒక శబ్దం, అందరం వెనక్కి గెంతాం, సున్నం మీద మెట్లు మెట్లుగా ఎర్ర గీత. చివర్లో గోడ మూల పెచ్చులు ఊడి పడ్డాయి, పిల్లర్ పైన సన్న ఏటవాలు గీతలు రెండే వచ్చాయి, తెగలేదు. అరుపులు విని పక్క ల్యాబు వాళ్ళు కూడా వచ్చేశారు. నీలం మార్కర్ మధ్యలో అయిపోయింది, ఆఖరి మూడు సైకిళ్ళు ఆకుపచ్చతో గీశాం.

పాతల్యాబు
ఖాళీ మూసుకున్న చోట గ్రాఫ్ వాలు మారిందన్నారే, అది కింది ఫుటింగ్ జారి ఆగడం వల్ల కూడా అలాగే కనబడుతుంది. డయల్ గేజ్ రీడింగు ఒకసారి చూసి చెప్పండి.

సగంస్కేలు
పెట్టాం సార్. రాత్రికి ల్యాబు తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది, రేపు పొద్దున్నే పుస్తకం తీసి పోస్టు చేస్తా.